అక్క సాక్ష్యం

పొద్దున్నే టైలరమ్మ కుట్టుమిషన్ చప్పుడుతోనే ఆ ఇల్లు నిద్ర లేస్తుంది. వీధి వైపు గదే ఆవిడ కొట్టు. గోడ పొడవునా కొక్కేలకు వేలాడే కోట్లు, గౌన్లు, కిటికీ కింద బల్ల మీద కత్తెర, సుద్దముక్క, గుండుసూదులు గుచ్చిన మెత్త. మెడలో టేపు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్లు తక్కువ. ఒక్కోసారి మర్చిపోయి దాంతోనే చర్చిలో ఆదివారం పూజకి కూడా వెళ్లిపోతుంది. "దేవుడికి కొలతలు తీస్తావా ఏంటి?" అని పక్కవాళ్లు నవ్వుతారు.

ఆ రోజూ అలాగే తెల్లవారింది. కోడలు ఆస్పత్రి ల్యాబులో డ్యూటీకి వెళ్లే హడావిడిలో కూతురు చిట్టికి జడ వేస్తోంది. కొడుకు పెరటి తలుపు దగ్గర నిలబడి రొట్టెముక్క నములుతున్నాడు. ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేయడం అతని పని. పనిముట్ల పెట్టె అప్పటికే కాళ్ల దగ్గర సిద్ధంగా ఉంది.

"కూర్చుని తినరా. నిలబడి తింటే ఒంటికి పట్టదు" అంది టైలరమ్మ మిషన్ ఆపకుండానే.

"టైమ్ లేదమ్మా."

"నీకెప్పుడుందిలే టైము! మామయ్య వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. ఒక్క పూటైనా ఆయన పక్కన కూర్చుని భోంచేశావా?"

"పని ఎక్కువగా ఉంది."

"ఎండలు కూడా లేవు. ఎవరి ఏసీలు పాడైపోతున్నాయిరా అన్ని?"

కొడుకు మధ్యగది మూసిన తలుపు వైపు ఒకసారి చూసి, మిగిలిన రొట్టె కోటు జేబులో కుక్కుకుని, పెట్టె తీసుకుని పెరటి దారినే వెళ్లిపోయాడు. వీధి తలుపు నుంచి వెళ్లాలంటే మధ్యగది ముందు నుంచి నడవాలి. అతను కొన్నాళ్లుగా ఆ దారి తొక్కడం లేదని టైలరమ్మ గమనించింది. గమనించి, మొండితనం అనుకుని ఊరుకుంది.

ఆ తలుపు వెనక ఉన్నది టైలరమ్మ తమ్ముడు. లోకానికి ఫాదర్ గారు, చిట్టికి ఫాదర్ తాత.

తల్లి పోయేనాటికి అతను ఇంకా చంకన ఎత్తుకునే పిల్లాడు. అక్కే పెంచింది. ఫాదర్ చదువుకి సెమినరీలో చేరతానన్నప్పుడు తన చేతులతోనే నిలువుటంగీ కుట్టి తొడిగింది. గురుపట్టం అందుకుని ఫాదర్ అయిన రోజున అతను తొలి ఆశీర్వాదం అక్కకే ఇచ్చాడు. తాను ఎత్తుకుని తిప్పిన పిల్లాడి ముందు మోకరించి, ఆ చేతుల్ని ముద్దుపెట్టుకుని ఆవిడ ఏడ్చిన ఏడుపుకి చుట్టూ ఉన్నవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. అప్పట్నుంచి ఎక్కడికెళ్లినా ఆవిడ ఫాదర్ గారి అక్క. చిన్నవయసులోనే భర్త పోయి, కొడుకుతో ఒంటరిగా మిగిలినప్పుడు ఆవిణ్ణి నిలబెట్టింది ఆ మాటే. తమ్ముడు అప్పుడు ఈ ఊరి గుడిలోనే విచారణ గురువుగా, గుడి బాధ్యతంతా చూసే ఫాదర్‌గా ఉండేవాడు. తండ్రి లేని మేనల్లుణ్ణి చేరదీశాడు. పూజలో సాయం చేయడం నేర్పాడు. "వాడి సంగతి నాకొదిలెయ్ అక్కా" అన్నాడు. ఆవిడ వదిలేసింది.

ఆ తర్వాత ఆయన్ని చాలా గుళ్లకి మార్చారు. ఎక్కడా ఎక్కువకాలం ఉంచలేదు. మంచివాళ్లనే ఇలా తిప్పుతుంటారని టైలరమ్మ సరిపెట్టుకుంది. మొన్నీమధ్య బిషప్పు గారి ఆఫీసు నుంచి కారు వచ్చి ఆయన్ని ఈ ఇంటి ముందు దింపింది. ఒంట్లో బాగాలేదు, కొన్నాళ్లు విశ్రాంతి కావాలన్నారు. ఎందుకని ఆవిడ అడగలేదు. బట్టల మూటలతో నిండిన మధ్యగదిని ఖాళీ చేసి ఉతికిన దుప్పటి పరిచింది.

కొడుకు మాత్రం ఆ రోజు ఒక్క మాట అడిగాడు. "ఇక్కడెందుకు?"

"నేను బతికుండగా వాడింకెక్కడికి పోతాడ్రా?" అంది.

పొద్దెక్కాక పెద్ద టీచరు వచ్చింది. చిట్టి చదివే బడికి పెద్ద. ఆవిడ కూతురి పెళ్లి గౌను సగం కుట్టి కొక్కేనికి ఉంది.

"గౌను ఇచ్చెయ్ టైలరమ్మా."

"ఇంకా చేతులు అతకలేదండీ. అమ్మాయి వచ్చి ఒకసారి తొడుక్కుని చూస్తే..."

"వద్దులే. ఎలా ఉంటే అలా ఇచ్చెయ్."

టైలరమ్మ పెదాల మధ్య ఉన్న గుండుసూదులు తీసి మెత్తకి గుచ్చింది. "ఏమైందండీ? కుట్టు నచ్చలేదా?"

"నీ కుట్టుకి వంకపెట్టేవాళ్లెవరు?" పెద్ద టీచరు మధ్యగది వైపు చూసి గొంతు తగ్గించింది. "మీ తమ్ముడున్న ఇంట్లో బట్టలు మార్చుకోనంటోంది మా అమ్మాయి. ఇద్దరు కుర్రాళ్లు ఆయన మీద చెప్పారట. ఇప్పుడు పెద్దవాళ్లయిపోయారు, చిన్నప్పటి సంగతి. నాకు నోరు రావట్లేదు టైలరమ్మా, నువ్వే అర్థం చేసుకో. ఫాదర్ల వల్ల బాధపడ్డవాళ్లు ఎవరైనా వచ్చి చెప్పుకోవచ్చని పోయిన ఆదివారం కొత్త ఫాదర్ గుడిలో చదివారుగా. వినలేదా?"

"విన్నాను. ఎక్కడో ఎవరో అనుకున్నాను."

"నీ ఇంట్లో చిన్నపిల్ల ఉంది. జాగ్రత్త."

"నా తమ్ముడి సంగతి నాకు తెలుసు" అంది టైలరమ్మ. గౌను మడతపెట్టి, సంచిలో పెట్టి, ఆవిడ చేతికిచ్చి, తలుపు దాకా కూడా సాగనంపకుండా వచ్చి మిషన్ ముందు కూర్చుంది. సూదిలోకి దారం ఎక్కించబోతే ఎంతకీ ఎక్కలేదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఆ మాట ఎత్తకుండా ఉండలేకపోయింది. "ఎవరో ఏదో అంటున్నారు తమ్ముడూ, నీ గురించి."

ఆయన చెంచా కింద పెట్టేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు కూడానా అక్కా? పిల్లల్ని దగ్గరికి తీయడం కూడా తప్పేనా? క్రీస్తు ప్రభువునే వదల్లేదు ఈ లోకం, నన్నొదులుతుందా?"

టైలరమ్మకి ఎందుకు అడిగానా అనిపించింది. "నేను నమ్మానన్నానా? తిను, చల్లారిపోతోంది."

ఆయన కళ్లు తుడుచుకుని నవ్వాడు. "చిట్టి తొలి సత్ప్రసాదం తీసుకునే రోజు దగ్గరపడుతోందిగా. జపాలు నేను నేర్పనా? నాకూ పొద్దు గడుస్తుంది."

బడి నుంచి వచ్చిన చిట్టికి మొహం కడిగి, జడ సరిచేసి, టైలరమ్మే ఆ గదిలోకి పంపింది. తమ్ముణ్ణి అనుమానించినందుకు పరిహారం చెల్లిస్తున్నట్టు పంపింది. "మిషన్ చప్పుడుకి దానికి వినపడదు అక్కా" అంటూ ఆయన తలుపు మూశాడు. మూస్తుంటే ఆవిడ కాలు పెడల్ మీద ఒక్క క్షణం ఆగింది. లోపల్నుంచి పిల్ల గొంతు, జపం వల్లిస్తూ, సన్నగా వినిపించింది. కాలు మళ్లీ ఆడింది.

అప్పుడే కొడుకు వచ్చాడు. కావలసిన విడిభాగం దొరక్క పని మధ్యలో ఆగిపోయిందట. వీధి తలుపు తెరిచే ఉండటంతో ఇటు నుంచే వచ్చాడు.

"చిట్టి ఏది?"

"లోపలుంది. ఫాదర్ తాత జపాలు..."

పెట్టె అతని చేతిలోంచి జారి పడింది. స్పానర్లు, రాగి గొట్టం ముక్కలు గదంతా చెల్లాచెదురయ్యాయి. వాటిని తొక్కుకుంటూ వెళ్లి భుజంతో తలుపు నెట్టాడు. తలుపు గోడకి కొట్టుకుంది.

చిట్టి కుర్చీలో చేతులు జోడించుకుని కూర్చుని ఉంది. ఆయన మంచం అంచున ఉన్నాడు. అంతే, ఇంకేమీ లేదు. అయినా కొడుకు పిల్లని ఒక్క ఊపున ఎత్తుకుని బయటికి వచ్చేశాడు.

"నిన్ను ముట్టుకున్నాడా? చెప్పు తల్లీ, నాన్న ఏమీ అనడు."

"లేదు నాన్నా. పరలోక జపం చెప్పిస్తున్నారు." పిల్ల బెదిరిపోయి ఏడుపు లంకించుకుంది.

అతను దాన్ని పక్కింటి ఆవిడకి అప్పగించి తిరిగొచ్చేసరికి టైలరమ్మ గుమ్మంలోనే నిలేసింది.

"నీకేమైనా మతిపోయిందా? దేవుడి మనిషి గదిలోకి అలాగేనా దూసుకెళ్లేది? పిల్ల ఎలా హడలిపోయిందో చూశావా?"

"మతి ఇప్పుడు పోలేదమ్మా. దాని వయసప్పుడే పోయింది." అతని గొంతు పెద్దగా లేదు. అరిచినా బాగుండేది అనిపించింది ఆవిడకి. "నాకూ ఇలాగే నేర్పాడు జపాలు. గుడి వెనక గదిలో, తలుపేసి."

"ఏం మాటలురా అవి!"

"కొత్త మాటలు కావు. అప్పుడే నీకు చెప్పాను. వంటింట్లో నీ కొంగు పట్టుకుని, మామయ్య నన్ను అని మొదలుపెట్టాను. పూర్తిచేయనిచ్చావా? చెంప పగలగొట్టావు. కొట్టి ఊరుకున్నావా, చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్లి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టి క్షమాపణ చెప్పించావు. పిల్లాడు కదక్కా, పోనీలే అంటూ ఆయన నా తల నిమిరాడు. నువ్వు నన్ను అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశావు."

మధ్యగది గుమ్మంలోకి తమ్ముడు వచ్చి నిలబడ్డాడు. చేతిలో జపమాల ఉంది.

"కోపంలో ఉన్నావు నాన్నా. కూర్చో, మాట్లాడుకుందాం."

"నన్ను నాన్నా అనకు."

ఆయన అక్క వైపు తిరిగాడు. "చూడక్కా, ఎప్పటి సంగతో. ఇప్పుడు తవ్వి ఎవరికేం లాభం? నేను ఇంకో ఫాదర్ ముందు నా పాపాలు చెప్పుకుని పాపసంకీర్తనం చేసుకున్నాను. ఒక్కసారి కాదు, ఎన్నోసార్లు చేసుకున్నాను. దేవుడు క్షమించేశాడు. దేవుడే క్షమించాక మధ్యలో వీడెవడు?"

తానేమన్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు. టైలరమ్మకి మాత్రం తెలిసింది. మధ్యాహ్నం కన్నీళ్లు పెట్టుకుని "నువ్వు కూడానా" అన్న మనిషి ఇప్పుడు క్షమాపణ దొరికిందంటున్నాడు. జరగనిదానికి క్షమాపణ ఎందుకు?

ఆవిడ కళ్ల ముందు ఒక చిన్న తెల్ల అంగీ కదిలింది. పూజలో సాయం చేసే కొడుక్కి తానే కుట్టింది. ఒకరోజు అది మెడ దగ్గర గుండీ ఊడి ఇంటికొచ్చింది. పిల్లలు విప్పుకునేటప్పుడు గుండీ ఊడితే దారం తెగుతుంది. అక్కడ దారం తెగలేదు, గుడ్డే చిరిగింది. ఆ తేడా కుట్టుపని చేసేవాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆవిడ ఆ చిరుగుకి లోపల్నుంచి మాసిక వేసి, కొత్త గుండీ కుట్టి, ఇస్త్రీ చేసి మళ్లీ వాడికే తొడిగి పంపింది. ఇంకోసారీ అలాగే వచ్చింది. ఇంకోసారీ కుట్టింది.

"సంచి సర్దుకో" అంది తమ్ముడితో.

"అక్కా?"

"నా ఇంట్లోంచి నడు."

"ఎక్కడికి పోను? నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?"

"ఆ రోజు నా కొడుక్కీ నేను తప్ప ఎవరూ లేరు."

టైలరమ్మ గుడికి ఫోన్ చేస్తే కొత్త ఫాదర్ కారు తీసుకుని వచ్చాడు. వయసులో కొడుకు కంటే చిన్నవాడు. మెట్టు మీద కాలు పెట్టబోతే కొడుకు అడ్డంగా నిలబడ్డాడు. "మీలో ఎవరూ నా ఇంట్లోకి రావడానికి వీల్లేదు." ఫాదర్ కాలు వెనక్కి తీసుకుని, వీధిలోనే నిలబడ్డాడు.

టైలరమ్మే బయటికెళ్లి అడిగింది. "మీకు తెలుసా ఫాదర్?"

అతను తల దించుకున్నాడు. "ఆయన మీద ఫిర్యాదులున్నాయని తెలుసమ్మా. మీ ఇంట్లో పిల్ల ఉందనీ తెలుసు. విచారణ తేలేదాకా ఎవరికీ చెప్పొద్దని పైనుంచి అన్నారు. సరేనని ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది."

"ఉండాల్సింది" అంది టైలరమ్మ. "మీరు ఊరుకున్నారు, నేను నా మనవరాలికి మొహం కడిగి ఆ గదిలోకి పంపాను."

తమ్ముడు సంచితో దిగి కారెక్కాడు. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. ఆవిడ ఆయన వైపు చూడలేదు. కారు మలుపు తిరిగేదాకా మాత్రం అక్కడే నిలబడింది. పెంచిన చేతులు కదా, వాటినేం చేసుకోవాలో తెలియక నడుముకి అదుముకుంది.

కోడలు ఇంటికొచ్చి సంగతంతా విన్నాక చిట్టిని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. పిల్ల ఆడుకోడానికి లేచాక అత్తగారి వైపు తిరిగింది. నెమ్మదైన మనిషి, ఆ పూట కాదు.

"పెద్ద టీచరు వచ్చి జాగ్రత్త అని చెప్పి వెళ్లిందా? చెప్పాక కూడా పంపారా నా బిడ్డని? అత్తయ్యా, మీకు మనసెలా ఒప్పింది?"

కోడలు భర్త మీదకి తిరిగింది. "మీరైనా చెప్పొద్దా? పెళ్లై ఇన్నేళ్లయింది, నాకొక్క మాట చెప్పలేకపోయారా? ఆయన ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజైనా చెప్పొద్దా?"

"చెప్దామని నోటిదాకా వచ్చేది" అన్నాడు అతను నేలకేసి చూస్తూ. "ఒకసారి చెప్పి చూశానుగా. అప్పుడే ఏదో మూసుకుపోయింది. పిల్లని నీ వెంటే ఉంచు అనేవాణ్ణి, గుర్తుందా? ఎందుకని నువ్వు అడిగితే విసుక్కునేవాణ్ణి."

కోడలు కోపం సగంలోనే నీరైపోయింది. అతని తల తన భుజానికి ఆనించుకుంది. టైలరమ్మ ఆ గదిలో ఉండే హక్కు తనకి లేదనిపించి, వెళ్లి కొట్టులో చీకటిగా ఉన్న మూల కూర్చుంది. నేల మీద స్పానర్లు ఇంకా అలాగే పడి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఏరి పెట్టెలో పెట్టింది.

తర్వాత రోజులు ఇంట్లో ఎవరికీ సరిగ్గా గడవలేదు. మాట్లాడుకుంటే ఉప్పు అందుకో, తలుపు వెయ్యి అనేంతవరకే. చిట్టి "ఫాదర్ తాత ఏరీ?" అని అడిగితే కోడలు పక్కన కూర్చోబెట్టుకుని, పిల్లకి అర్థమయ్యే మాటల్లో చెప్పింది. ఆయన చిన్నపిల్లలకి చెడు చేశాడు, నీ తప్పేమీ లేదు, నీకెవరైనా అలా చేస్తే అమ్మానాన్నలకి చెప్పు, మేం నమ్ముతాం అంది. గోడకి ఇవతల వింటున్న టైలరమ్మ ఆ చివరి మాట దగ్గర చేతిలోని గుడ్డ పక్కన పెట్టేసింది.

ఒకరోజు ఉండబట్టలేక కొడుకు ముందు నిలబడింది. "నన్నేం చేయమంటావురా? కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"అదేం వద్దు. నన్ను క్షమించమని మాత్రం అడక్కు. ఇప్పుడు నా దగ్గర లేదు అది."

"అడగను."

"చేతనైతే నువ్వు చూసింది, విన్నది వెళ్లి చెప్పు. నా తరఫున కాదు. నీ తరఫున."

బాధపడ్డవాళ్లు వచ్చి చెప్పుకోవడానికి వేసిన కమిటీ కూర్చున్నది గుడిలో కాదు, గ్రంథాలయం పైన ఒక గదిలో. గుడి మెట్లెక్కడానికి మనసొప్పనివాళ్లు చాలామంది ఉన్నారట. ముగ్గురున్నారు: ఒక రిటైరైన జడ్జి, ఒక డాక్టరమ్మ, ఒక సిస్టర్. కొడుకు ఆవిణ్ణి వ్యానులో తీసుకెళ్లి, తాను స్టీరింగ్ ముందే కూర్చుండిపోయాడు.

టైలరమ్మ అంతా చెప్పింది. గుండీ సంగతి, చెంపదెబ్బ, మోకరింపజేయడం, తమ్ముడు తన నోటితో అన్న మాట. చెప్తున్నంతసేపూ తమ్ముడి చిన్నప్పటి మొహమే కళ్లలో మెదిలింది. జ్వరం వస్తే తన మెడ కరుచుకుని పడుకునేవాడు. ఆ పిల్లాడి మీదే సాక్ష్యం చెప్తున్నట్టు అనిపించింది. అయినా ఆగలేదు. డాక్టరమ్మ మంచినీళ్లు అందిస్తే తాగి, మళ్లీ మొదలుపెట్టింది.

ఆవిడ కిందికి దిగొచ్చాక కొడుకు కాసేపు అద్దంలోంచి వీధిలోకి చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి తలుపు తెరిచాడు. "నువ్విక్కడే ఉండు" అని, తానొక్కడే మెట్లెక్కి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి వీధిలో నీడలు సాగిపోయాయి. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఎక్కి కూర్చుని వ్యాను తాళం తిప్పాడు.

కమిటీ పోలీసులకి అప్పజెప్పింది. తమ్ముణ్ణి అరెస్టు చేశారు. ఈసారి దాచిపెట్టడానికి ఎవరూ కారు పంపలేదు.

కొత్త ఫాదర్ వారం వారం ఇంటి ముందుకి వచ్చేవాడు. మెట్టు ఎక్కేవాడు కాదు. వీధిలో నిలబడి కేసు ఎంతవరకు వచ్చిందో చెప్పి, అడిగినదానికి జవాబిచ్చి వెళ్లేవాడు. వానలో కూడా అలాగే నిలబడ్డాడు. కోడలు జాలిపడి గొడుగు ఇవ్వబోతే కొడుకు ఆపలేదు గానీ, లోపలికి రమ్మనీ అనలేదు. ఒకరోజు ఆయన అన్నాడు. "ఈ ఆదివారం గుడిలో ఆయన పేరు చదువుతున్నాను. తెలిసి కూడా మేం దాచామని, గుడి నుంచి గుడికి మార్చామని చదువుతున్నాను. నా సంగతి కూడా చెప్తాను. ఎవరి పిల్లల పేర్లూ ఉండవు."

"చదవండి" అన్నాడు కొడుకు. ఆయనతో అతను మాట్లాడిన రెండో మాట అదే.

ఆదివారం టైలరమ్మని గుడి దాకా దింపి అతను బయట మెట్ల మీదే ఆగిపోయాడు. ఆవిడ వెళ్లి తన మామూలు చోట కూర్చుంది. బెంచీలో ఆవిడ పక్కన ఎవరూ కూర్చోలేదు. ప్రసంగానికి బదులు ఫాదర్ కాగితం తీసి చదివాడు. తన పేరు వచ్చినచోట ఆగి, మళ్లీ చదివాడు.

ముందు వరసలోంచి పాటల బృందం పెద్దాయన లేచాడు. "చాలించండి ఫాదర్! నా పిల్లలకి జ్ఞానస్నానం ఇచ్చిన చేతులవి. డబ్బు కోసమో, గిట్టకో ఎవరో నాలుగు మాటలంటే, పుణ్యాత్ముణ్ణి పట్టుకుని బలిపీఠం ముందే బురద జల్లుతారా?"

అక్కడక్కడ తలలూగాయి. అవునంటూ గుసగుసలు లేచాయి.

టైలరమ్మ లేచి నిలబడింది. ఎప్పుడు లేచిందో ఆవిడకే తెలియలేదు.

"నేను ఆయన అక్కని" అంది. అందరూ వెనక్కి తిరిగారు. "మీ అందరికంటే ముందు ఆ చేతుల్ని ముద్దుపెట్టుకున్నదాన్ని. పెంచినదాన్ని. ఆయన చేశాడు. చేశానని, దేవుడు క్షమించాడని నా ఎదురుగా అన్నాడు, ఈ చెవులతో విన్నాను. ఎవరి బిడ్డని అని నన్నడక్కండి. అది చెప్పే హక్కు నాకు లేదు. మీ పిల్లలొచ్చి ఏదైనా చెప్తే మాత్రం కొట్టకండి. అంతే నేను చెప్పేది."

పాటల పెద్దాయన కూర్చోలేక, నిలబడలేక బెంచీ పట్టుకున్నాడు. ఇద్దరు ముగ్గురు విసురుగా లేచి బయటికి వెళ్లిపోయారు. ఎవరో ఒకావిడ వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. టైలరమ్మ బెంచీ దాటి నడవబోతుంటే, వెనక వరసలోంచి పెద్ద టీచరు వచ్చి భుజం పట్టుకుని బయటికి నడిపించింది. గుమ్మం దగ్గర కొడుకు నిలబడి ఉన్నాడు. గడప దాటలేదు, కానీ తలుపు దాకా వచ్చాడు. అంతా విన్నాడని అతని మొహం చూస్తేనే తెలుస్తోంది. తల్లి చెయ్యి అందుకుని మెట్ల పక్కన రాతి బల్ల మీద కూర్చోబెట్టాడు.

పూజ అయ్యాక ఫాదర్ బయటికి వచ్చి కాస్త దూరంలోనే ఆగాడు. "పిల్లల పాఠాలు ఇకనుంచి ఈ వరండాలోనే పెడుతున్నాం. తల్లిదండ్రులు కూర్చుని చూడొచ్చు. అది సరిపోతుందో, ఇంకేం చేయాలో మాకంటే మీకే బాగా తెలుస్తుంది. వచ్చి చూసి చెప్తారా?"

కొడుకు వరండా వైపు తిరిగి చూశాడు. "ఇవాళ కాదు."

"సరేనండి."

ఫాదర్ వెనుదిరిగాక అతను మళ్లీ అన్నాడు. "వచ్చే వారం అడగండి."

ఫాదర్ తలూపి వెళ్లిపోయాడు. తల్లీకొడుకులిద్దరే మిగిలారు. అతను ఎదురుగా ఉన్న వీధి వైపు చూస్తూ, ఎంతోకాలంగా నోట్లోనే ఉంచుకున్న మాట బయటపెట్టాడు.

"ఆ రోజు నన్నెందుకు కొట్టావమ్మా?"

ఈ ప్రశ్న వస్తుందని టైలరమ్మకి తెలుసు. చెప్పడానికి చాలా అనుకుంది. భర్త పోయిన దుఃఖం, ఏమీ తెలియని వయసు, ఫాదర్లంటే భయం. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"నువ్వు చెప్పింది నిజమని తెలిసిపోయింది కాబట్టి."

అతను తలతిప్పి చూశాడు.

"నీ మొహం చూడగానే తెలిసింది. అది నిజమైతే నాకు తమ్ముడు ఉండడు, ఈ గుడి ఉండదు, ఫాదర్ గారి అక్క అన్న మాట ఉండదు. నీ నోరు మూయిస్తే అదంతా నిలబడుతుందనుకున్నాను. అందుకే కొట్టాను."

అతను లేచి వెళ్లిపోతాడనుకుంది ఆవిడ. వెళ్లినా ఆపకూడదనుకుంది.

"నేను సరిగ్గా చెప్పలేదేమో అనుకున్నానమ్మా" అన్నాడు చివరికి. గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది. "ఇన్నేళ్లూ అదే అనుకున్నాను. ఇంకోలా చెప్పుంటే నువ్వు నమ్మేదానివేమో, మాటలు నాకే చేతకాలేదేమో అని."

"లేదు నాన్నా. బాగానే చెప్పావు. నువ్వు బాగానే చెప్పావు."

అతను రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. గుడిలోంచి వస్తున్నవాళ్లు ఆగి చూస్తున్నారు, కొందరు చూడనట్టు తప్పుకుపోతున్నారు. టైలరమ్మ ఎవరినీ పట్టించుకోలేదు. చెయ్యి వెయ్యొచ్చో లేదో తెలియక పక్కనే కూర్చుని ఉంది. కొంతసేపటికి అతనే ఒరిగి ఆవిడ భుజానికి తల ఆనించాడు. అప్పుడు ఆవిడ చెయ్యి ఎత్తి, ఒకప్పుడు తాను కొట్టిన చెంప మీద మెల్లగా పెట్టింది.